వెనుక ఇరుసు

సంచికా సంపాదకులు మమ్ము నొక వ్యాసము వ్రాసి యిమ్మని కోరి మూడు మాసములైనది. మన సంచికలో పెద్దలు పలువురు దేవాలయ శాసనములను గూర్చియు, హోసూరు ప్రాంతపు తెలుగు పలుకుబడిని గూర్చియు, పండుగలను గూర్చియు వ్రాయుదురు. అట్టివి వ్రాయుటకు తగిన చదువు మాకు లేదు. మేము ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, ముప్పదియెనిమిది సంవత్సరములు ఒక లారీ రవాణా కార్యాలయమున గుమాస్తాగా లెక్కలు వ్రాసి, 2019లో విరమించిన వారము. మాకు కొంత తెలిసినది యిరుసును గూర్చి మాత్రమే. అదియైనను చేతితో తెలిసినది కాదు, కాగితము మీద తెలిసినది. కావున అమెరికా దేశమున మట్టిబాటల మీద పరుగెత్తు పందెపు కార్ల వెనుక ఇరుసును గూర్చి వ్రాయ సాహసించుచున్నాము. సాంస్కృతిక వ్యాసముల నడుమ ఈ యిరుసు ఏమి యని పాఠకులు నవ్వుకొనవచ్చును. ఆ నవ్వు నాలుగు పుటలు చదివిన పిదప నవ్వవలసినదిగా వేడుచున్నాము.

మా తండ్రిగారు ఎద్దుబండ్లు చేయువారు. ఆ దినములలో మా చుట్టుపట్ల పల్లెల రాగులును కూరగాయలును బెంగుళూరు సంతకు బండ్ల మీదనే పోవుచుండెను. చక్రపు కుండ దొలుచుట, ఆకులు దిగగొట్టుట, ఇనుప పట్టా ఎర్రగా కాల్చి చక్రమునకు తొడిగి నీళ్లు పోయుట, ఇవన్నియు మా యింటి ముంగిటనే జరిగెడివి. బండి కొనవచ్చిన రైతుతో ఆయన "ఎద్దుల్ని చూసి మురిసిపోవద్దు, ముందు వంగి ఇరుసు చూడు" అని చెప్పెడివారు. లారీలు వచ్చెను. బండ్లు తగ్గెను. మేము చదువుకొన్న వారమని గుమాస్తా పనిలో కుదిరితిమి. మా తమ్మునకు చదువు అబ్బలేదు. అతడు కృష్ణగిరి దారిలో లారీల కమానుకట్టలు బాగుచేయు కొట్టులో చేరి, పదేండ్లకు తానే యొక రేకుల కొట్టు పెట్టుకొనెను.

కమానుకట్ట యనగా నేమో యెరుగని వారుండరు. లారీ వెనుక చక్రముల పైన, పొడుగాటి ఉక్కు పట్టీలు ఒకదానిక్రింద నొకటి పేర్చి, విల్లువలె వంచి, నడుమ బోల్టుతో బిగించి యుండును. బరువు మోసి మోసి విల్లు సాగిపోవును, పట్టీ విరుగును. మా తమ్ముడు ఆ పట్టీలను కొలిమిలో కాల్చి, సమ్మెటతో కొట్టి, చెక్క అచ్చు మీద పెట్టి వంపు సరిచూచి, నూనెలో ముంచెడివాడు. ఆ అచ్చు మా తండ్రిగారు మిగిల్చిన తుమ్మచెక్కతో అతడే చేసికొన్నది. ఇక మా కార్యాలయమున కట్టల రిజిస్టరు మా చేతిలో నుండెడిది. ఏ లారీ, ఏ తేదీ, ఏ వైపు, ఎన్నవ పట్టీ విరిగినది, ఎంత కూలి యైనది అని అందు వ్రాసెడివారము. మా లెక్కలో ఎక్కువగా విరిగినవి ఎడమవైపు వెనుక కట్టలే. రోడ్డు నడుమ ఎత్తుగాను అంచులకు వాలుగాను ఉండుటచేత, ఎడమ ప్రక్కన నడచు బండి బరువు ఎడమకే ఒరగునని మా తమ్ముడు చెప్పెను. మేము అంకెలు చూచితిమి. అతడు కారణము చూచెను.

ఇక్కడ ఒక సంగతి దాచక చెప్పవలెను. మా చిన్నవాడు పండ్రెండేండ్ల వయసున, 2000లో, బడి విడిచిన వెంటనే చిన్నాయన కొట్టునకు పోవుట మొదలుపెట్టెను. గోళ్లలో గ్రీసు, చొక్కాకు నూనె మరకలు. ఒకనాటి సాయంకాలము మేము ఆ కొట్టునకే పోయి, వానిని లారీ క్రిందినుండి చేయిపట్టి యీడ్చి, పదిమంది యెదుట చెంపదెబ్బ కొట్టితిమి. మా తమ్ముడు సమ్మెట దించి, "అన్నా, వానికి చెయ్యి తెలుసు. వంక లేకుండా తెలుసు" అనెను. "నీ బతుకు వానికి వద్దు" అంటిమి. అంతే. తమ్ముడు మారుమాటాడలేదు. పిల్లవాడు మరల ఆ దారిన పోలేదు. పండుగలకు రాకపోకలు సాగెను గాని, మా యింట ఆ కొట్టు ప్రసక్తి మరల రాలేదు. 2011లో తమ్ముడు గుండెనొప్పితో పోయెను. చిన్నవాడప్పటికి కంప్యూటరు చదువు ముగించి చెన్నపట్టణమున ఉద్యోగమున నుండెను. రెండేండ్లకు అమెరికా వెడలెను. మేము అనుకొన్నట్లే సర్వము జరిగినదని సంతోషించితిమి.

2023 మే మాసమున మేమును మా యిల్లాలును వానిని చూడబోతిమి. ఒహాయో రాష్ట్రమున కొలంబస్ నగరపు శివారున వాని యిల్లు. ఇల్లు చల్లగా, శుభ్రముగా నుండెను. శుక్రవారము సాయంకాలమగుసరికి కొడుకు కనబడడు; శనివారము అర్ధరాత్రి దాటిన పిదప వచ్చును. కోడలిని అడిగిన నవ్వి యూరకుండును. రెండవ వారము స్నానాల గది కడ వాని చేతులు చూచితిమి. గోళ్లలో గ్రీసు! ఇరువదిమూడేండ్ల క్రిందటి గ్రీసే అది. భవిష్యనిధి సొమ్ము తీసి చదివించినది ఇందుకా యని మాకు కోపము వచ్చెను. ఒక రోజెల్ల వానితో మాటలాడలేదు. వాడును ఏమియు అనక, మరుసటి శుక్రవారము కారు తలుపు తెరచి పట్టుకొని, "నాయనా, రా. ఒకసారి చూడు. తర్వాత తిట్టు" అనెను.

నలువది నిమిషముల దూరమున ఒక మక్కజొన్న చేను ప్రక్క రేకుల కొట్టము. కారు యజమాని యిండ్లకు నీటిగొట్టములు బిగించు పనివాడు, ఏబదియేండ్లు పైబడినవాడు. అతడే నడుపువాడును. మా చిన్నవాడు, మరి యిద్దరు యువకులు కూలి లేకుండ పనిచేయువారు. కొట్టములో ఆ కారు ఇనుప దిమ్మెల మీద నిలిపి యుండెను. కారనుటకు నోరు రాలేదు. ఉక్కు గొట్టములు అతికిన గూడు, దానిపైన పలుచని అల్యూమినియము రేకు, అద్దములు లేవు, ఒక్కటే కుర్చీ. ఇంజను నాలుగు వందల అశ్వశక్తి గలది, కర్మాగారమున ముద్ర వేసి పంపునది. ఆ ముద్ర తెంచరాదని ఆ తరగతి పందెముల నియమము. "అందరిదీ ఒకే ఇంజను నాయనా. కాబట్టి గెలుపూ ఓటమీ అన్నీ వెనకే" అని వాడు మమ్ము కారు వెనుకకు తీసికొనిపోయెను. మేము మోకాళ్లు నొచ్చుచున్నను వంగితిమి. ఇరుసు చూచితిమి.

మొదట మాకు ఆశ్చర్యము కలిగించినది డిఫరెన్షియలు లేకపోవుట. లారీ మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును పోవలెను. అందుకే నడుమ ఆ పళ్లచక్రముల పెట్టె. ఈ కారులో రెండు వెనుక చక్రములును ఒకే యిరుసునకు బిగదీసి యున్నవి. ఒకటి యెంత తిరిగిన రెండవదియు నంతే. అట్లైన మలుపు తిరుగుట యెట్లని అడిగితిమి. వాడు కాఫీ త్రాగి పారవేసిన కాగితపు గ్లాసు నొకదానిని తీసి, నేల మీద అడ్డముగా పడవేసి, వ్రేలితో త్రోసెను. మూతివైపు వెడల్పు, అడుగువైపు సన్నము. గ్లాసు గుండ్రముగా తిరిగి వాని కాలి కడకే వచ్చెను. కారు చక్రములును అంతే. ఆ దినమున కుడి టైరు చుట్టుకొలత 90 అంగుళములు, ఎడమది 87. ఆ పందెములన్నియు ఎడమకే తిరుగు గుండ్రని బాటమీద జరుగును గనుక, ఆ మూడంగుళముల తేడాయే కారును ఎడమకు త్రిప్పుచుండును. దీనిని వారు స్టాగరు అందురు. ఎన్నుకొన్న టైర్ల జతను బట్టియు, లోపలి గాలిని బట్టియు ఈ తేడా మారును.

మరునాటి రాత్రి పందెమునకు పోతిమి. చిన్న యూరి పందెము; చెక్క మెట్ల మీద కుటుంబములు, పిల్లలు, దుప్పట్లు. బాట మన చెరువు అడుగు బంకమట్టి వంటి మట్టి. సాయంకాలము నీళ్ల ట్యాంకరు వచ్చి బాగుగ తడిపెను. తడిసిన మట్టిని కార్లే నెమ్మదిగా తిరిగి త్రొక్కి అదిమెను. మా తండ్రిగారి కాలమున కళ్లము చేయుట జ్ఞాపకమునకు వచ్చెను. నీళ్లు చల్లి, పశువులను త్రొక్కించి, నేలను గట్టిపరచుట అక్కడను ఇక్కడను ఒక్కటే.

పచ్చజెండా యూపగనే మేము కన్నులు మూసికొంటిమని ఒప్పుకొనవలెను. తెరచి చూచునప్పటికి కార్లు ఎడమకు తిరుగుచున్నవి, కాని వాని ముందు చక్రములు కుడికి తిరిగి యున్నవి! వెనుక భాగము వెలుపలికి జారుచు, ముక్కు లోపలికి చూచుచు, ప్రక్కవాటుగా పరుగెత్తుచున్నవి. ఎడమ వెనుక మూల దాదాపు మోకాలెత్తున పైకి లేచి, కాలెత్తిన కుక్కవలె నున్నది. విరిగినదని మేము లేచి నిలువబడితిమి. చిన్నవాడు మా చేయి పట్టి కూర్చుండబెట్టి, "అది అట్లే లేయాలి నాయనా" అనెను.

అది యెట్లన్నది తెలిసికొనుటకు మాకు మరి మూడు వారములు పట్టినది. ఇరుసు ఇరుప్రక్కల, చక్రమునకు లోపలగా, ఇరుసు చుట్టు తిరుగగల ఒక్కొక్క పంజరము బిగించి యున్నది. ఒక్కొక్క పంజరము నుండి రెండేసి యినుప కడ్డీలు ముందునకు పోయి కారు గూటికి తగిలించి యున్నవి. మొత్తము నాలుగు. ఈ కడ్డీలు గూటివైపు ఎత్తుగాను, ఇరుసువైపు పల్లముగాను వాలియుండును. కారు కుడికి ఒరగి ఎడమమూల లేచినపుడు, ఎడమ కడ్డీల వాలు మరింత నిటారగును. నిచ్చెనను గోడకు మరింత నిటారుగా నిలిపిన, దాని కాళ్లు గోడకు దగ్గరగా జరుగును గదా; అట్లే ఎడమచక్రము ముందునకు లాగబడును. ఒక కొన ముందునకు జరిగిన యిరుసు ఇక తిన్నగా నడువదు. వెనుక చక్రములు రెండును కొంచెము వెలుపలికి చూచును. కారు వెనుకభాగము వెలుపలికి పోయి ముక్కు లోపలికి తిరుగును. నడుపువాడు చేతిలోని చక్రముతో త్రిప్పుట కాదు. వెనుక ఇరుసే త్రిప్పుచున్నది.

మన చంద్రచూడేశ్వరస్వామి రథమును లాగిన వారికి ఈ సంగతి వింతగా తోచదు. రథమునకు ముందు లాగువారు వందలమంది యుండవచ్చును. కాని మలుపు కడ రథమును త్రిప్పునది చక్రముల క్రింద అడ్డుచెక్కలు పెట్టు నలుగురే. లోపలి చక్రమును చెక్కతో నిలిపిన, వెలుపలిది తిరిగి రథము మళ్లును. జనము స్వామిని చూచును; ఆ నలుగురిని ఎవరు చూచెదరు? మా తమ్ముడు పదునెనిమిదేండ్లు ఆ చెక్కలు పెట్టినవాడు.

కడ్డీల వాలులో మరొక గుణము కలదు. మట్టిలో దిగబడిన బండిని త్రోయువాడు నిలుచుండి త్రోయడు. వంగి, భుజము చక్రము క్రింద పెట్టి, పైకెత్తుచు త్రోయును. అట్లు ఎత్తునపుడు వాని కాళ్లు నేలలోనికి దిగును. ఇరుసు ఎడమ కడ్డీలను ముందునకు త్రోయునపుడు కడ్డీలు కారును పైకెత్తును. ఎత్తిన బలమంతయు టైరును నేలకు అదుమును. కారు ఎగిరి పడుచున్నట్లు కనబడు ఆ మూలయే నేలను గట్టిగా పట్టుచున్నది. కడ్డీని ఒక రంధ్రము పైకి మార్చిన ఒక గుణము, క్రిందికి మార్చిన మరొక గుణము. ఇవిగాక ఇరుసు ప్రక్కలకు జరుగకుండ అడ్డముగా నొక కడ్డీ. ఇంజను ఒక్కసారి త్రోసినపుడు ఇరుసు తనలో తాను వెనుకకు తిరుగబోవును గదా, ఆ విసురును తాళుటకు నడుమ నొక పొడుగాటి చేయి, దాని చివర ఐదవ స్ప్రింగు. ఇన్ని అమరికలు ఒక్క యిరుసు కొరకే.

బరువు పంచుట వేరొక విద్య. నాలుగు చక్రముల క్రింద నాలుగు తక్కెడ పలకలు పెట్టి, అంకెలు వ్రాసికొందురు. నాలుగు కాళ్ల పీటకు ఒక కాలి క్రింద కాగితము మడచి పెట్టుడు. బరువంతయు ఆ కాలికిని, దాని ఎదురు మూల కాలికిని పోవును. ఎడమ వెనుక స్ప్రింగును మర బిగించి కొంచెము ఎత్తినను అంతే: బరువు ఎడమ వెనుకకును, కుడి ముందునకును చేరును. ఎడమ వెనుక ఎక్కువైన కారు నేలను పట్టి ముందుకు దూకును గాని తిరుగనని మొరాయించును. దానిని టైటు అందురు. తక్కువైన వెనుకభాగము జారి గిర్రున తిరుగును. అది లూజు. ఈ రెంటి నడుమ ఎక్కడ నిలుపవలెనో నేల చెప్పవలెను. ఆ నేలయో గంటకొక తీరున మారుచుండును. సాయంకాలము తడిగా, జిగటగా ఉండును. రాత్రి పదిగంటలకు ఎండి, అరిగి, నల్లగా నున్నగా మెరయును.

జూలైలో నొక రాత్రి అట్లే మెరసెను. చిన్న పందెమున కారు ప్రతి మలుపున జారి, చివరి పందెమునకు పదునొకండవ స్థానమున నిలువవలసి వచ్చెను. యజమాని చెమటతో వచ్చి, కారు కుడికి మరీ ఒరగుచున్నది, కుడి వెనుక గట్టి స్ప్రింగు వేయుడనెను. మాకును అదియే సబబుగా తోచెను. ఒరగుదానిని గట్టిపరచవలెను గదా! మా చిన్నవాడు కాదనెను. మెత్తనిది వేయవలెననెను. యజమాని చేతులు నడుముమీద పెట్టుకొని చూచెను. వాడు ఇంగ్లీషున నేమో చెప్పి, మాకు తెలియలేదనుకొని కాబోలు, మావైపు తిరిగి తెలుగున అనెను: "కట్ట మొండికేస్తే నేల వదిలేస్తుంది. కట్ట వంగితేనే చక్రం నేలను పట్టుకుంటుంది. చిన్నాయన చెప్పేవాడు కదా, నాయనా."

చిన్నాయన మాకు ఎన్నడును చెప్పలేదు. వానికి చెప్పెను. పండ్రెండేండ్ల పిల్లవానికి, లారీ క్రింద పరుండి చూచుచున్న వానికి చెప్పెను. వాడు ఇరువదిమూడేండ్లు దానిని దాచుకొనెను. మేము నీళ్ల ట్యాంకరు వెనుకకు పోయి కొంతసేపు నిలిచితిమి. అక్కడ బురద తప్ప మరేమియు లేదు.

మెత్తని స్ప్రింగు వేసిరి. కారు మరింత ఒరగెను. ఒరగి, బరువు కుడి వెనుక టైరు మీదికి నెమ్మదిగా దిగి, నున్నని నేలమీద కూడ టైరు కరచుకొనెను. గెలువలేదు. పదునొకండవ స్థానము నుండి ఆరవ స్థానమునకు వచ్చెను. యజమాని మా చిన్నవాని భుజము తట్టి, మాకు ఒక సీసా చల్లని నిమ్మరసము ఇచ్చెను. ఇంటికి వచ్చు దారిలో ఏదో యొకటి చెప్పవలెనని గంటసేపు వెదకి, చివరకు "ఆకలిగా ఉందా" అని మాత్రము అడిగితిమి.

ఆ పిమ్మట మేము కొట్టమునకు ప్రతివారము పోతిమి. మా చేతులకు సమ్మెట పట్టదు. కాని వారి లెక్కలు చూచి మాకు ఒళ్లు మండెను. కొలతలను అట్టముక్కల మీద, చేతుల మీద, ఒక్కొక్కసారి రేకు మీద సుద్దతో వ్రాయుదురు, కడుగుదురు, మరతురు. మేము అంగడిలో పొడుగు లెక్కల పుస్తకము నొకటి కొని గడులు గీసితిమి. తేదీ, నేల తీరు, ఎడమ కుడి టైర్ల చుట్టుకొలత, గాలి, నాలుగు మూలల బరువు, కడ్డీల రంధ్రములు, స్ప్రింగులు, చివరి గడిలో నడుపువాని మాట. పాత అట్టముక్కలు సైతము ఏరి యెక్కించితిమి. ముప్పదియెనిమిదేండ్ల అలవాటు ఊరకపోదు.

ఆగస్టు నాటికి తొమ్మిది రాత్రుల లెక్క చేరెను. అందు ఐదింట చివరి గడిలో ఒకే మాట కనబడెను: ఆఖరు చుట్లలో లూజు. నేలయే అట్లు చేయునని వారి నమ్మకము. మేము గడులు వెనుకకు త్రిప్పి చూచితిమి. టైర్ల కొలత యంతయు మధ్యాహ్నము కొట్టములో, టైర్లు చల్లగా నున్నపుడు తీసినదే. పందెము ముగిసిన పిదప తీసినది ఒక్కటియు లేదు. మా కార్యాలయమున సరకు ఎక్కించునపుడు తూచి, దించునపుడు తూచని లెక్కకు మేము సంతకము పెట్టెడివారము కాము. పందెము దిగగనే కొలువుమని చెప్పితిమి. నవ్విరి గాని కొలిచిరి. మూడంగుళముల తేడా మూడుముప్పావు అయి యుండెను. ఎక్కువ పాటుపడు కుడి వెనుక టైరు కాగి, లోపలి గాలి పెరిగి, ఉబ్బుచున్నది. తేడా పెరిగినకొలది కారు ఎడమకు ఎక్కువగా తిరుగును; వెనుకభాగము జారును. పై వారము రెండున్నర అంగుళములతో మొదలుపెట్టిరి. నడుపువాని గడిలో మేము "ఆఖరు వరకు బాగు" అని వ్రాసితిమి. ఆ రాత్రి వారి స్థానము ఐదు.

సెప్టెంబరులో చిన్నవాడు మమ్ము ఎల్డోరా తీసికొనిపోయెను. రెండు గంటల ప్రయాణము. రాస్‌బర్గ్ అను కుగ్రామము కడ, సంగీత బృందము నడుపుకొను అర్ల్ బాల్టెస్ అను నాతడు 1954లో చేసిన బాట అది. ఇప్పుడు అరమైలు చుట్టు, ఎత్తుగా వాల్చిన మలుపులు. 2004లో టోనీ స్టీవర్ట్ అను పేరుగల పందెగాడు దానిని కొనెను. అక్కడ 1971 నుండి జరుగు వరల్డ్ హండ్రెడ్ అను నూరుచుట్ల పందెము చూచితిమి. ఆ కార్ల ఇంజనులు ఎనిమిది వందల అశ్వశక్తికి పైబడినవి. అంతటి జనమును, అంతటి మోతను మేము ఎరుగము. చెవులలో దూది పెట్టుకొంటిమి. కాని నిజము చెప్పవలెనన్న, మా చిన్న యూరి బాటయే మాకు నచ్చినది. ఎల్డోరాలో మేము ప్రేక్షకులము. అక్కడ మాకొక పుస్తకము కలదు.

అక్టోబరులో తిరిగివచ్చితిమి. వచ్చిన నాలవనాడు మరదలి యింటికి పోయితిమి. తమ్ముని కొట్టు తాళము వేసి యుండెను. తెరిపించి చూచితిమి. కొలిమి కూలినది, సమ్మెటలు ఎవరో కొనుక్కొని పోయిరి. గోడకు తుమ్మచెక్క అచ్చు మాత్రము వ్రేలాడుచున్నది. విల్లువంటి వంపు వెంబడి ఉక్కు రాచి రాచి నల్లబడినది. ఒక కొనయందు, పిల్లవాని ఎత్తున, పెన్సిలుతో గీచిన గీతలు కొన్ని కనబడెను. ఎవరు గీచినవో మరదలు చెప్పలేదు, మేము అడుగలేదు. ఇమ్మని అడిగితిమి. "తీసుకుపోండి బావా, మీ ఇంటి చెక్కే కదా" అనెను.

అచ్చు నాలుగడుగుల పైచిలుకు పొడవు. చిన్నవాడు ఫోనులో చూచి, తనకు కావలెననెను. ఆ నెలలోనే అమెరికా పోవుచున్న బెంగుళూరు పిల్లవాని నొకనిని పెట్టెలో తీసికొనిపొమ్మని అడుగగా, పెట్టె చాలదు, నడిమికి కోసిన పట్టుననెను. రంపము తెచ్చి యుంచుకొని, మరల ఫోను చేసి, కోయుదుమా యని మావాని నడిగితిమి. వాడు కొంతసేపు మాటలాడలేదు. పిదప, "కొయ్యొద్దు నాయనా. అట్లే పెట్టు. నేనే వచ్చి తీసుకుపోతా" అనెను. అచ్చు ఇపుడు మా వరండా గోడకు వ్రేలాడుచున్నది. వాన జల్లు తగులకుండ మా యిల్లాలు దాని పైన పాత పంచె నొకటి కట్టినది.